అరిజోనా ఎండల్లో మోటర్‌హోమ్‌ని చల్లగా ఉంచుకోవడం

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో నాకు తెలిసిన చాలామంది మోటర్‌హోమ్, అంటే చక్రాల మీద కదిలే ఇల్లు, కొన్నారు, కొననివాళ్లు సెలవులకి అద్దెకి తీసుకుంటున్నారు. మే నెల వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏసీ సరిపోవట్లేదు, పైన ఇంకోటి పెట్టించెయ్యనా?" నా జవాబూ ఒకటే. ముందు ఎండ లోపలికి రాకుండా ఆపండి, అప్పటికీ సరిపోకపోతే ఏసీ సంగతి చూద్దాం. లోపలికి వచ్చేసిన వేడిని బయటికి పంపడానికి డబ్బు, కరెంటు రెండూ కావాలి, పైగా ఆ మోతతో పిల్లలు మధ్యాహ్నం పడుకోలేరు. గడప దగ్గరే ఆపేస్తే చాలా చవగ్గా పోతుంది.

మోటర్‌హోమ్ ఎందుకు అంత త్వరగా వేడెక్కుతుందో అర్థమైతే మిగతాదంతా దానంతట అదే తెలిసిపోతుంది. గోడ మందం సుమారు రెండంగుళాలు, మధ్యలో కాస్త ఫోమో ఫైబర్‌గ్లాసో, దానికి అల్యూమినియం లేదా చెక్క ఫ్రేమ్. కిటికీలు చాలావాటికి ఒకటే అద్దం. ముందు పెద్ద విండ్‌షీల్డ్. మా అనంతపురం వైపు పాత మట్టి మిద్దెల్లో గోడలు ఎంత మందంగా ఉంటాయంటే, పొద్దున పడిన ఎండ వేడి లోపలికి చేరేసరికి సాయంత్రం అయిపోతుంది. మోటర్‌హోమ్ దానికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది, పొద్దున తొమ్మిదికి తగిలిన ఎండ పదికల్లా లోపల తెలుస్తుంది. మంచి సంగతి ఏంటంటే వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుకోవడమూ దానికి చేతకాదు, పొద్దు కుంగి బయట చల్లబడితే తలుపులు తీసిన కాసేపట్లోనే లోపలా చల్లబడుతుంది. కాబట్టి మనం కాపలా కాయాల్సింది పగటి పూట ఏడెనిమిది గంటలే.

అందులో మొదటిది విండ్‌షీల్డ్. మాది ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన క్లాస్ సీ, అంటే ముందు వ్యాన్ క్యాబిన్, దాని మీద చిన్న మంచం, వెనక ఇల్లు. క్యాబిన్ అద్దాల గుండా ఎండ లోపలికి వచ్చి డ్యాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది, అవి మళ్లీ వేడిని చిమ్ముతాయి, కానీ ఆ వేడిని అద్దం తిరిగి బయటికి పోనివ్వదు. కార్లలో పెట్టినట్టు లోపలి వైపు వెండి రంగు షేడ్ పెడితే కొంత ఎండ వెనక్కి తిరుగుతుంది, నిజమే, కానీ అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడి ఎంతోకొంత షేడ్‌కీ అద్దానికీ మధ్య చిక్కుకుని మెల్లగా లోపలికే వస్తుంది. అదే కవర్ బయటి వైపు కప్పితే వేడి చాలావరకు అద్దం దాకా రాదు. బయటి కవర్లు వినైల్ మెష్‌తో వస్తాయి, అంచులు రెండు ముందు తలుపుల్లో ఇరికించి మూసేయడమే, గాలికి ఎగరవు. మోటర్‌హోమ్ చల్లగా ఉండటానికి మొత్తం మీద ఒక్క వస్తువు కొనమంటే నేను ఇదే కొనమంటాను.

దాంతో పాటు క్యాబిన్‌కీ వెనక ఇంటికీ మధ్య దళసరి పరదా కట్టండి. క్యాబిన్ ఎంత మూసినా వేడిగానే ఉంటుంది, దాన్ని కూడా చల్లబరచాలని ఏసీ మీద భారం వేయడం ఎందుకు? పైనున్న మంచం చోటు ఇంకా వేడి, పగలు అక్కడికి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

బాత్రూం పైన ప్లాస్టిక్ స్కైలైట్ ఉంటుంది చూశారా, దాన్ని చాలామంది పట్టించుకోరు. వేసవిలో సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు కాబట్టి ఎండంతా దాని గుండా నేరుగా దిగుతుంది. స్కైలైట్‌కీ, పద్నాలుగు అంగుళాల రూఫ్ వెంట్లకీ సరిపోయే ఫోమ్ దిండ్లు దొరుకుతాయి, ఒకవైపు వెండి పూత ఉంటుంది, అలా దోపేయడమే. కిటికీలకి రిఫ్లెక్టిక్స్ లాంటి బుడగల ఫాయిల్ షీట్ కొలతకి కత్తిరించుకుని ఎండ పడే వైపు మాత్రం పెట్టండి. అన్నీ మూసేసి చీకట్లో కూర్చుంటే పిల్లలకి పిచ్చెక్కుతుంది, నీడ ఉన్న వైపు కిటికీకి షీట్ పెట్టకుండా వదిలేయొచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం, బండిని ఏ దిక్కుకి నిలబెట్టాలి అన్నది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా పట్టించుకునేవాళ్లు తక్కువ. ఫీనిక్స్ దగ్గర జూన్ ఆఖర్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 80 డిగ్రీల ఎత్తుకి వస్తాడు. అంటే ఆ టైంలో దక్షిణం గోడ మీద ఎండ పెద్దగా పడదు, పడేదంతా పైకప్పు మీదే. గోడల్ని కాల్చేది పొద్దుటి తూర్పు ఎండా, సాయంత్రపు పడమటి ఎండా. ఈ రెండిట్లో పడమటిదే ప్రాణాంతకం, ఎందుకంటే అప్పటికి గాలి కూడా బాగా వేడెక్కి ఉంటుంది. కాబట్టి బండి పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, ముక్కు తూర్పుకి, వీపు పడమరకి. అప్పుడు సాయంత్రం ఎండ వెనకున్న చిన్న గోడ మీదే పడుతుంది, విండ్‌షీల్డ్ మీద పొద్దుటి ఎండ పడినా కవర్ ఉంది కదా. అమెరికా మోటర్‌హోమ్‌లకి తలుపూ, ఆనింగూ (నీడ కోసం పక్కకి చాపే గుడ్డ పందిరి) కుడివైపు ఉంటాయి, కాబట్టి ఆనింగ్ దక్షిణానికి వస్తుంది. మా దాంట్లో ఫ్రిజ్ ఎడమవైపు, అది ఉత్తరం నీడలో పడుతుంది. జూన్‌లో పొద్దు వాయవ్యం మూల కుంగుతుంది కాబట్టి చివరి గంటలో ఉత్తరం గోడకి కాస్త ఎండ తగులుతుంది, అంతే.

క్యాంప్‌గ్రౌండ్‌లో మనం కోరుకున్న దిక్కు దొరకదు కదా అంటారు. నిజమే, కరెంటు పెట్టె ఎడమవైపే ఉండేలా స్థలాలు గీస్తారు, తిప్పి పెట్టడం కుదరదు. కానీ బుక్ చేసేటప్పుడే మ్యాప్ చూసి ఏ వరస ఎటు తిరిగి ఉందో, పడమర వైపు పెద్ద చెట్టు ఉందో లేదో చూసుకోవచ్చు. ముక్కు దక్షిణానికి ఉన్న స్థలం దొరికితే అదీ పర్వాలేదు, ఆనింగ్ పడమరకి వచ్చి మధ్యాహ్నం ఎండని కొంత ఆపుతుంది, కింద నుంచి దూరే సాయంత్రపు ఎండకి ఆనింగ్ అంచు నుంచి మెష్ తెర వేలాడదీయాలి. ముక్కు ఉత్తరానికి ఉన్నది మాత్రం వేసవిలో తీసుకోకండి. ఆనింగ్ లేని ఎడమ గోడ మొత్తం పడమటి ఎండకి బలైపోతుంది.

ఆనింగ్ గురించి ఒక హెచ్చరిక. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్‌సూన్ అంటారు. సాయంత్రం ఉన్నట్టుండి దుమ్ము గోడలా లేచి వస్తుంది, ఆ గాలికి ఆనింగ్ చేతులు వంగిపోతాయి. బండి దగ్గర ఎవరూ లేనప్పుడు, రాత్రి పడుకునే ముందు దాన్ని చుట్టేయాల్సిందే.

ఇదంతా చేశాక ఏసీ సంగతి. పైకప్పు మీద ఉండేవి సాధారణంగా 13,500 లేదా 15,000 బీటీయూవి (ఏసీ గంటకి ఎంత వేడి లాగేయగలదో చెప్పే కొలత ఇది). ఏసీ బయటికన్నా 20 డిగ్రీల ఫారెన్‌హీట్ మాత్రమే తగ్గిస్తుందని ఒక మాట అందరి నోటా తిరుగుతూ ఉంటుంది, అది తప్పు. ఆ 20 డిగ్రీలు ఏసీలోకి వెళ్లే గాలికీ, ఏసీ నుంచి వచ్చే గాలికీ మధ్య ఉండే తేడా. లోపలి గాలి మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి, బయట నుంచి వేడి చేరే వేగం తక్కువైతే బయటికీ లోపలికీ 30 డిగ్రీల తేడా కూడా వస్తుంది. ఎండ ఆపకపోతే ఎంత పెద్ద ఏసీ ఉన్నా రాదు. చిన్న థర్మామీటర్ తీసుకుని ఫిల్టర్ దగ్గర ఒకసారి, దగ్గర్లోని గాలి రంధ్రం దగ్గర ఒకసారి కొలవండి. తేడా 16 నుంచి 22 మధ్య ఉంటే మీ ఏసీ బాగానే ఉంది, దాన్ని తిట్టకండి. అంతకన్నా తక్కువ ఉంటే ముందు ఫిల్టర్ కడగండి, నిచ్చెనేసుకుని పైకెక్కి కాయిల్ మీద దుమ్ము దులపండి.

అప్పటికీ తేడా రాకపోతే నేను చూసేది సీలింగ్ లోపల. ఏసీ నుంచి చల్లగాలి డక్టుల్లోకి, అంటే గాలి గొట్టాల్లోకి, వెళ్లే చోటుకీ, గదిలోని వేడిగాలిని వెనక్కి పీల్చుకునే చోటుకీ మధ్య ఒక అడ్డం ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బళ్లలో చాలావాటికి ఆ అడ్డం సరిగ్గా అంటుకుని ఉండదు, సందులు ఉంటాయి. చల్లగాలి గదిలోకి రాకుండా ఆ సందులోంచి మళ్లీ ఏసీలోకే వెళ్లిపోతుంది. గది వేడిగానే ఉంటుంది, ఏసీకి మాత్రం గది చల్లబడిపోయినట్టు అనిపిస్తుంది, కాయిల్ మీద మంచు కూడా కడుతుంది. కరెంటు తీసేసి కింది కవర్ విప్పి, ఆ సందులన్నీ అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూసేయండి. బట్ట టేపు వద్దు, వేడికి జిగురు ఊడిపోతుంది. డక్టులు కలిసే మూలలు కూడా చేతికి అందినంత వరకు అతికించండి. ఒక మధ్యాహ్నం పని. రెండో ఏసీ పెట్టిద్దామనుకున్న నా స్నేహితుడొకడి బండికి ఇద్దరం కలిసి ఇది చేశాం, ఆ తర్వాత అతను రెండో ఏసీ మాట ఎత్తలేదు.

ఏసీని ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. లోపల ఉక్కపోసినప్పుడు కాదు, పొద్దున ఎనిమిదికే, ఇంకా చల్లగా ఉన్నప్పుడే వేసేయాలి. గోడలూ పరుపులూ సామానూ ఒకసారి వేడెక్కాక వాటిని చల్లార్చడానికి ఒక్క ఏసీ మధ్యాహ్నమంతా కష్టపడినా చాలదు.

కరెంటు విషయంలో కొత్తవాళ్లు తెలుసుకోవాల్సింది ఉంది. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు, అంతే. ఏసీ దాదాపు 1,500 వాట్లు తీసుకుంటుంది, మైక్రోవేవ్ ఇంకో 1,500, వాటర్ హీటర్ కరెంటు మీద పెట్టి ఉంటే అది ఇంకొకటి. మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. వేసవిలో వాటర్ హీటర్ ఆపేయండి, ట్యాంకులో నీళ్లు ఎలాగూ గోరువెచ్చగానే ఉంటాయి. దీనికన్నా పెద్ద టెన్షన్ వోల్టేజీ. మధ్యాహ్నం మూడింటికి క్యాంప్‌గ్రౌండ్‌లో అందరూ ఏసీలు వేసేసరికి పాత వైరింగ్ ఉన్నచోట వోల్టేజీ పడిపోతుంది. మేము ఒకచోట దిగినప్పుడు రోజూ మధ్యాహ్నం అదే తంతు, ఆఫీసులో చెబితే మీ బండిదే తప్పు అన్నారు, మీటర్ తీసుకెళ్లి చూపిస్తే గానీ స్థలం మార్చలేదు. తక్కువ వోల్టేజీ మీద నడిస్తే కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి పాడవుతుంది. వోల్టేజీ తగ్గితే దానంతట అదే కరెంటు ఆపేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టుకోండి, కొత్త ఏసీ ధరతో పోలిస్తే అదేం ఎక్కువ కాదు. ప్లగ్గుని రోజుకోసారి చేత్తో ముట్టుకుని చూడండి, చెయ్యి కాలేంత వేడిగా ఉంటే వెంటనే లోడు తగ్గించాలి.

పోయిన వేసవిలో మా అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నాన్న నిచ్చెన ఎక్కి పైకప్పు చూసి దిగి, "మన మిద్దె మీద ఎండాకాలం సున్నం కొట్టిస్తాం కదరా, దీనికీ అదే చెయ్యి" అన్నారు. సూత్రం సరిగ్గా అదే. తెల్లగా ఉన్నప్పుడు ఎండని వెనక్కి కొడుతుంది, ఏళ్ల తరబడి మురికి పట్టి బూడిద రంగుకి తిరిగితే పీల్చుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, దాని వెనకున్న లెక్కా ఇదే. మోటర్‌హోమ్‌కి సున్నం పనికిరాదు గానీ, రబ్బరు కప్పులకి వేసే తెల్లటి కోటింగ్ దొరుకుతుంది. మీ కప్పు మీది పొర ఈపీడీఎం అనే రబ్బరో, టీపీఓ అనే ప్లాస్టిక్కో, ఫైబర్‌గ్లాసో తెలుసుకుని దానికి సరిపడేది కొనండి, సరిపడనిది వేస్తే పొరలుగా ఊడుతుంది. కోటింగ్ వేసే ఓపిక లేకపోతే కనీసం సబ్బు నీళ్లతో కడగండి. పైన సోలార్ పలకలు ఉంటే వాటి కిందున్న కప్పుకి నీడ దొరుకుతుంది, మధ్యలో గాలి ఆడేలా కాస్త ఎత్తులో బిగించాలి.

అమ్మ వచ్చాక వంట సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. పొద్దున పప్పు, కూర, చారు, అన్నం అన్నీ లోపలే వండితే గ్యాసు వేడికి తోడు ఆవిరి కూడా చేరుతుంది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమని నీళ్లుగా మార్చి బయటికి పంపాలి కూడా, ఆ పనికే దాని శక్తి చాలా పోతుంది. అందుకని వంటని బయటికి మార్చాం. ఆనింగ్ కింద మడత బల్ల, దాని మీద ఇండక్షన్ పొయ్యి, పక్కన రైస్ కుక్కర్, పొద్దున ఏడుకల్లా అన్నీ అయిపోవాలి. అమ్మకి మొదట ఆరుబయట పోపు పెట్టడం మొహమాటంగా ఉండేది, పక్క బండిలోని పెద్దావిడ వాసన బాగుందని వచ్చి పలకరించాక ఆ మొహమాటం పోయింది. మధ్యాహ్నానికి పెరుగన్నం, మజ్జిగ, ఆవకాయ. ఎండలో మనవాళ్లు తరతరాలుగా తిన్న తిండే ఇక్కడా సరిపోతుంది.

హైదరాబాద్‌లో వట్టివేళ్ల మ్యాట్ ఉన్న కూలర్ల కింద పెరిగినవాళ్లు, మోటర్‌హోమ్‌లో కూలర్ పెట్టుకోవచ్చా అని అడుగుతారు. మే, జూన్ నెలల్లో ఇక్కడి గాలి ఎముకలా ఎండి ఉంటుంది, అప్పుడు 12 వోల్టుల మీద నడిచే చిన్న కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఏసీ తినే కరెంటులో చిన్న వంతే తీసుకుంటుంది. కానీ ఒక కిటికీ తెరిచే ఉంచాలి, ఆ తడిగాలి బయటికి పోవాలి. జులైలో మాన్‌సూన్ తేమ వచ్చాక అది పనిచేయదు, మన విజయవాడలో మే నెల్లో కూలర్ పెట్టినట్టే. ఏసీ, కూలర్ రెండూ కలిపి ఎప్పుడూ వేయకండి, ఒకటి ఎండబెట్టేదాన్ని ఇంకొకటి తడుపుతుంది.

ఫ్రిజ్ గురించి క్లుప్తంగా. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు, అమ్మోనియాని వేడి చేసి చల్లదనం పుట్టిస్తుంది. ఆ వేడి వెనకున్న జాలీల్లోంచి బయటికి పోవాలి. జాలీ వెనక చిన్న ఫ్యాన్ పెట్టండి, బండి సమతలంగా నిలపండి, తలుపు మాటిమాటికీ తీయకండి.

కరెంటు లేని చోట జనరేటర్ మీద ఏసీ నడపొచ్చు, కానీ కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఏ మాత్రం అశ్రద్ధ వద్దు. దానికి వాసన ఉండదు. జనరేటర్ పొగ గొట్టం ఉన్న వైపు కిటికీలు మూసి ఉండాలి, డిటెక్టర్ బ్యాటరీ పనిచేస్తోందో లేదో ప్రతి ట్రిప్పుకి ముందు బటన్ నొక్కి చూడాలి. అది నడుస్తుండగా పడుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఎవరినీ పడుకోమని చెప్పను.

ఇంతా చెప్పాక అసలు మాట. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు వేడి 110 ఫారెన్‌హీట్‌కి చేరింది లేదా దాటింది, అంటే 43 సెల్సియస్ పైన. అలాంటి రోజుల్లో కింద ఫీనిక్స్ లోయలో మోటర్‌హోమ్‌లో ఉండాలని పట్టుబట్టకూడదు. మన ఇంటికి చక్రాలున్నాయి, దాన్ని పైకి తీసుకెళ్లాలి. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. ఫీనిక్స్ 1,100 అడుగుల దగ్గర ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగుల మీద ఉంది. జులైలో ఇక్కడ సగటు పగటి వేడి 106 దగ్గర, అక్కడ 80ల మొదట్లో. ఐ-17 హైవే మీద రెండున్నర గంటల ప్రయాణం. పైన కొకొనీనో నేషనల్ ఫారెస్ట్‌లో అనుమతి ఉన్న మట్టిరోడ్ల పక్కన, పాండరోసా పైన్ చెట్ల నీడలో డబ్బు కట్టకుండా 14 రోజుల దాకా ఉండొచ్చు. అక్కడ ఏసీ అక్కర్లేదు, పైన ఫ్యాన్ బయటికి తిప్పి నీడవైపు ఒక్క కిటికీ తెరిస్తే చాలు. వెళ్లే ముందు నిప్పు మీద ఆంక్షలు ఉన్నాయేమో చూసుకోండి, వేసవి మొదట్లో తరచూ ఉంటాయి, కొన్నిసార్లు అడవే మూసేస్తారు.

ఆ ఎక్కుడు మాత్రం తెల్లారకముందే ఎక్కాలి. బ్లాక్ కెన్యన్ సిటీ దాటాక రోడ్డు బాగా ఏటవాలు, ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని బోర్డులే పెట్టి ఉంటాయి. టైర్ల గాలి బయల్దేరే ముందే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, ఎండలో వేడెక్కాక కనిపించే అంకె చూసి గాలి తీసేయకూడదు.

పెద్దవాళ్లో, పసిపిల్లలో, కుక్కో బండిలో ఉంటే ఏసీ ఉంది కదా అని వదిలేసి బయటికి వెళ్లొద్దు. కరెంటు పోతే, బ్రేకర్ పడితే, ఆ పలచటి గోడల మధ్య కొద్దిసేపట్లోనే ప్రమాదమవుతుంది. లోపలి వేడిని ఫోనుకి పంపే సెన్సర్లు ఉన్నాయి, అవి పెట్టుకున్నా నడిచి వెనక్కి రాగలిగినంత దూరంలోనే ఉండాలి. ఎవరికైనా తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా మజ్జిగ ఇచ్చి చూద్దామని ఆగకుండా 911కి ఫోన్ చేసి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ ఉండండి. ఇంకొకటి, పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. బండిలో బిగించి వచ్చిన జనరేటర్ ట్యాంకు పావుకి వచ్చేసరికి ఆగిపోయేలా కడతారు, అది ఆగిపోయాక కూడా బండి స్టార్ట్ చేసి ముందు క్యాబిన్ ఏసీలో అందర్నీ కూర్చోబెట్టుకుని చల్లటి ఊరికి చేరేంత పెట్రోలు మిగిలి ఉండాలి.